పొట్లకాయ తిన్న పంగాళి

మా నాయన తెలుగులో మాట్లాడతాడు, తెలుగులో తిడతాడు, దేవుడికి మొక్కుకునేదీ తెలుగులోనే. చదవమంటే మాత్రం ఒక్క అక్షరం రాదు. రాజపాళయంలో మాలాంటి ఇళ్లన్నిట్లోనూ ఇంచుమించు ఇంతే. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. నాకు అక్షరాలు వచ్చాయంటే అది నాయన తల్లి, మా అవ్వ చలవ. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో మామగారు చేయించిన ఇత్తడి చెంబు ఒకటుంది. దానిమీద మా ఇంటిపేరు తెలుగులో చెక్కి ఉంటుంది. నా వేలు పట్టుకుని ఆ గీతలమీద తిప్పి తిప్పి నేర్పింది. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. ఇప్పటికైతే నాయన చదవలేడు. నా ధైర్యమంతా అదే.

ప్రస్తుతం జైల్లో ఉన్న ఒక పెద్దమనిషి మా ఇంట్లో అడుగుపెట్టింది కూడా ఆ చెంబు వల్లే. దేశదేశాలకు మత్తుమందు చేరవేసిన ఘనుడని పేపర్లన్నీ రాశాయి. ఫోటోలో అటొకరు ఇటొకరు పోలీసులు, మధ్యలో నున్నటి గుండు. ఆ గుండు మా ఇంటి పని. అదెట్లా జరిగిందో చెబుతాను.

అతను ఎండాకాలం మధ్యాహ్నం పాత మోటారుసైకిల్ మీద వచ్చాడు. మా మేడమీది గది ఖాళీగా ఉందని విన్నాడట. సత్రపట్టి మగ్గాల దగ్గర బ్యాండేజీ గుడ్డ కొని బయటి దేశాలకు పంపే వ్యాపారం పెట్టాలని ఆంధ్రా నుంచి వచ్చానన్నాడు. మాదీ ఆ వ్యాపారమే. గుడ్డ తెచ్చి, ఇంటి వెనక షెడ్డులో కోసి, చుట్టలు చుట్టి ఆసుపత్రులకు పంపుతాం. షెడ్డు నాది, బజారు నాయనది.

బయటివాళ్లకు గది ఇవ్వమని చెప్పి పంపేయడానికి నాయన సిద్ధంగా ఉన్నాడు. ఎండలో వచ్చిన మనిషి కదా అని నేను చెంబుతో నీళ్లు తెచ్చాను. అతను గటగటా తాగి, చెంబును ఒకసారి తిప్పి చూశాడు. బొటనవేలు అక్షరాల వెంబడి మెల్లగా పోయింది. సరిగ్గా అప్పుడే నాయన, మా ఊళ్లో ఎవరైనా కొత్త తెలుగు మనిషిని మొదట అడిగే మాట అడిగాడు.

“మీ ఇంటిపేరు ఏమిప్పా?”

అతను చెంబు నా చేతికిస్తూ మా ఇంటిపేరు చెప్పాడు.

నాయన ముఖం వెలిగిపోయింది. “అమ్మా, ఇట్ల వచ్చి చూడు! మన పంగాళి వచ్చినాడు, ఆంధ్రా నించి!” అని ఇల్లంతా వినబడేట్టు అరిచాడు. పంగాళి అంటే ఒకే ఇంటిపేరువాడు, అన్నదమ్ముల వరుస. మేము ఈ ఊరికి వచ్చి వందల ఏళ్లయింది. అక్కడ మిగిలిపోయిన మనవాళ్లు ఏమయ్యారో పాపం అని నాయన అప్పుడప్పుడూ దిగులుపడేవాడు, వాళ్లేదో నిన్ననే బస్టాండులో తప్పిపోయినట్టు. అట్లాంటి మనిషికి ఒక పంగాళి వాకిట్లో దొరికితే వదులుతాడా?

మా తెల్ల వేటకుక్క కొత్తవాళ్లను గేటు దాటనివ్వదు. అది అతన్ని చూసి మొరగలేదు. “చూస్తివా, రక్తం దానికి తెలిసిపోయినాది,” అన్నాడు నాయన. అతను జేబులోంచి బిస్కెట్టు ముక్క జారవిడవడం నేను చూశాను. చెంబు చదవడమూ చూశాను. రెండూ అక్కడే చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. ఇంతలో వంటింటి గుమ్మంలోంచి అమ్మ నిట్టూర్పు వినబడింది.

“అయ్యో, పంగాళి అయిపోయినాడే! లేకుంటే మన పాపకు ఎంత బాగుండు!”

తెరిచిన నోరు మూసేశాను.

నాకప్పటికి ముప్పై రెండేళ్లు. తళవాయిపురం, సేత్తూరు వైపునుంచి పెళ్లివారు రావడం, బజ్జీలు తినడం, ఉత్తరం రాస్తామని పోవడం, నాలుగేళ్లుగా ఇదే వరస. నాకు పెళ్లి వద్దు. నా షెడ్డు, అందులో నాతో పనిచేసే పదిమంది ఆడవాళ్లు, వాళ్ల పాటలు, నా స్కూటర్, ఇవి చాలు. ఇదంతా ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో ఆడవాళ్లకు ఏం కావాలని అడిగే అలవాటు లేదు. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు నాకూ లేదు. ఒకే ఇంటిపేరు అంటే అన్న వరుస. అతను పంగాళిగా ఉన్నంతకాలం నాకు క్షేమం. కాదని తేలిన మరుక్షణం అమ్మ కల్యాణమండపం మాట్లాడేస్తుంది. కాబట్టి అతని అబద్ధాన్ని నేను అతనికంటే జాగ్రత్తగా కాపాడాను.

అతను పైకి వచ్చిన వేగం చూసి ఊరే నోరు వెళ్లబెట్టింది. మొదటి ఏడాది మోటారుసైకిల్ పోయి కారు వచ్చింది. రెండో ఏడాది బజార్లో అద్దాల ఆఫీసు వచ్చింది. అతని పెట్టెలు కొలంబో పోయేవి, కౌలాలంపూర్ పోయేవి, దుబాయ్ పోయేవి. మనిషి మాత్రం వినయానికి మారుపేరు. మేము ‘వచ్చినాడు’ అంటే అతను ‘వచ్చాడు’ అనేవాడు. ఆ తెలుగు వినడానికి సాయంత్రాలు ముసలివాళ్లు మా అరుగుమీద చేరేవాళ్లు. కోవిల తిరునాళ్లకు మూడు రోజులు అన్నం పెట్టించాడు. వ్యాపారులంతా కలిసి అతనికి శాలువా కప్పారు. కప్పింది నాయనే, ‘నా అన్న కొడుకు’ అని మైకులో చెప్పి మరీ.

“బీడీ కూడా తాగడు,” అనేది అమ్మ, ప్రతి పొగడ్తకూ చివర అదే నిట్టూర్పు తగిలించి.

అవ్వకు అప్పుడు తొంభై. పళ్లు లేవు గానీ బుర్రకు పదునెక్కువ. అతను అవ్వ మంచం దగ్గర కూర్చుని కాళ్లకు సింగపూర్ తైలం రాసేవాడు. నాయనకు కొడుకులు లేరు కాబట్టి ఆ వరసలో అవ్వను ‘నాయనమ్మా’ అని పిలిచిన మగపిల్లాడు అతనొక్కడే. అవ్వ మురిసిపోయేది. మురిసిపోతూనే పరీక్ష పెట్టింది.

మా ఇంటిపేరువాళ్లు పొట్లకాయ తినరు. ఎప్పుడో ఏదో పాము, ఏదో మొక్కుబడి. కథ ఎవరికీ పూర్తిగా తెలియదు గానీ ఆ కాయ మా గుమ్మం తొక్కదు. ఒక బుధవారం నాయన బజారుకు పోయి, అమ్మ కునుకు తీస్తున్నప్పుడు, అవ్వ పక్కింటినుంచి పొట్లకాయ వేపుడు తెప్పించి అతని ముందు పెట్టింది. అతను మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు.

“ఎట్ల ఉండాది నాయనా?”

“చాలా బాగుంది నాయనమ్మా.”

అతను మేడ ఎక్కాక అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది.

“పాపా, వీడు మనోడు కాదు.”

“నాకు తెలుసు అవ్వా. మన చెంబు చదివినాడు, మొదటిరోజే.”

“తెలిసీ చెప్పలేదా?”

“చెప్తే అమ్మ నన్ను వాడికి కట్టిపెట్టేస్తుంది.”

అవ్వ గిన్నె తన ముందుకు లాక్కుని, అడుగున మిగిలిన వేపుడు చిగుళ్లతో నమిలి నమిలి తిన్నది.

“మా పుట్టింట్లో వారానికి రెండుతూరి చేస్తారు ఇది. నాకు ప్రాణం అంత ఇష్టం. ఈ ఇంటికి వచ్చినాక డెబ్బై ఏండ్లు ముట్టలేదు.” చేయి తుడుచుకుని గొంతు తగ్గించింది. “వాడు ఉంటేనే తెచ్చిపెడతాడు. నువ్వూ చెప్పొద్దు, నేనూ చెప్పను.”

ఆ తర్వాత ప్రతి బుధవారం అతను మెస్సునుంచి ఆకులో కట్టించి తెచ్చేవాడు. ఇద్దరూ వెనక వసారాలో కూర్చుని తినేవాళ్లు. ఒక్కో ముద్దకూ తన గుట్టు తానే విప్పుకుంటున్నానని పాపం అతనికి తెలియదు. కాపలా నేను, కుక్క.

మూడో ఏడాది అతను నాయనను పిలిచాడు. “బాబాయ్, ఈసారి మీరూ నాతో కొలంబో రండి. పెద్ద ఆసుపత్రివాళ్లు సరుకు చూస్తామన్నారు. చెరో పెట్టె పట్టుకెళ్దాం.”

నాయన పుట్టి బుద్ధెరిగాక విమానం ఎక్కలేదు. పాస్‌పోర్టు తీయించాడు. కొత్త చొక్కాలు కుట్టించాడు. కనబడినవాళ్లకల్లా ఆదివారం మదురైలో విమానం ఎక్కుతున్నానని చెప్పాడు, పాలవాడికి రెండుసార్లు చెప్పాడు. గొడుగు మొదలు కుర్చీ దాకా దేనిమీదైనా తన ఇనీషియల్, పేరు రాసుకోవడం ఆయనకు అలవాటు. తన వంతు పెట్టెమీద కూడా నల్లరంగుతో తమిళంలో ఇంత లావున రాసుకున్నాడు.

రంగు ఆరాక ఆ పెట్టె పక్కకు జరుపుదామని నేను ఎత్తాను. ఎత్తలేకపోయాను.

పదేళ్లుగా బ్యాండేజీ చుట్టలు పెట్టెల్లో సర్దుతున్నదాన్ని. అంత పెట్టెను ఒంటిచేత్తో లేపుతాను. అడిగితే అతను నవ్వాడు. “మందు పూసిన బ్యాండేజీ చెల్లెమ్మా, తడికి బరువు.” నేను సరే అన్నాను. తడి బ్యాండేజీని ఎవరూ పెట్టెలో పెట్టి తాళం వేయరని నాకు తెలుసు. లోపల ఏముందో తెలియదు, అది చెప్పుకోగలిగింది కాదని మాత్రం తెలుసు.

నాయనకు చెప్పాలి. చెబితే అతను అబద్ధాలకోరని నీకెట్లా తెలుసంటాడు. చెంబు సంగతి వస్తుంది, పొట్లకాయ వస్తుంది, అవ్వ బుధవారాలు వస్తాయి. పంగాళి కాదని తేలుతుంది. పెట్టెలో ఏమీ లేకపోతే? ఆ కాస్త బరువుకు మంచి కారణమే ఉంటే? అప్పుడు అమ్మకు కావలసిన అల్లుడు మేడమీదే ఉంటాడు. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నేను మా నాయనను ఒక పళ్లెంలో, నా పెళ్లిని ఇంకో పళ్లెంలో పెట్టి రెండు రోజులు తూచాను. శుక్రవారం చెబుదామనుకున్నాను. చెప్పేదాన్నో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

గురువారం తెల్లారి అవ్వ పోయింది. నిద్రలోనే. ముందురోజు బుధవారం.

మా ఇళ్లలో పెద్దవాళ్లు పోతే కొడుకు, వయసులో చిన్నవాళ్లయిన పంగాళీలు కాటి దగ్గరే తల, మీసం తీయించుకోవాలి. నాయన గుండయ్యాక మంగలి అతనివైపు చూశాడు. అతని జుట్టు చూడముచ్చటగా ఉండేది, మీసం అంతకంటే. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఊరి పెద్దలు నలభై మంది చూస్తున్నారు.

“బాబాయ్, నాకు ఆదివారం ప్రయాణం...”

“కూర్చో,” అన్నాడు నాయన, ఏడుస్తూనే. “నిన్ను సొంతం అనుకునిందిరా మా అమ్మ.”

కూర్చున్నాడు. మూడేళ్ల అబద్ధం మంగలి కత్తి కింద తలవంచుకు కూర్చుంది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయని నాయన తర్వాత చెప్పాడు. జుట్టుకో అవ్వకో నేను చెప్పలేను. బుధవారాల లెక్కన చూస్తే కొంచెం అవ్వకే అనుకుంటాను.

ఆ సాయంత్రం అతను మెల్లగా కదిపాడు. “బాబాయ్, ఆదివారం మరి...”

“తీట్టు ఉండాది కదప్పా,” అన్నాడు నాయన. తీట్టు అంటే మైల. “పదహారో రోజు దాకా నేను ఊరు దాటకూడదు.” అతను సరే, నేనొక్కణ్నే వెళ్తానన్నాడు. నాయన ఉలిక్కిపడ్డాడు. “నువ్వు మాత్రం ఎట్ల పోతావు? నీకూ తీట్టుదాన్!”

ఆదివారం పొద్దున చూస్తే కారు లేదు. అతని పెట్టె లేదు. నాయన పేరున్న పెట్టె మేడమీదే ఉంది.

తర్వాతి సంగతి పేపర్లో చదివాం. విమానాశ్రయంలో ఆఫీసరు పాస్‌పోర్టు ఫోటో చూశాడు, గుండు చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. పక్కకు రమ్మన్నారు. సంచి వెతికితే ఇంకో రెండు పాస్‌పోర్టులు దొరికాయి. మూడిట్లో మూడు పేర్లు, మూడు రకాల జుట్టు. గుండు మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. ఆ తర్వాత పెట్టె తెరిచారు.

నాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“నేను చెప్పినాను,” అన్నాడు. “తీట్టులో బయలుదేరొద్దు అని చెప్పినాను.”

పోలీసులు మర్నాడు ఉదయం వచ్చారు, వాసన పట్టే కుక్కతో సహా. మా వేటకుక్క దాన్ని చూసి మంచం కిందికి దూరింది. మేడమీదినుంచి పెట్టె దించి నాయన ముందు పెట్టారు. తాళం పగలగొట్టారు. చుట్టల నడుమ పొట్లాలు. పెట్టెమీద ఇంత లావున నాయన పేరు.

అతను మీకేమవుతాడని ఆఫీసరు తమిళంలో అడిగాడు.

ఇంకెవరైనా అయితే అద్దెకున్నాడంతే అనేవాళ్లు. మా నాయన నిటారుగా కూర్చున్నాడు. “మా పంగాళి. నా అన్న కొడుకు వరస. మా అమ్మకు నాతోపాటు గుండు కొట్టుకున్నాడు. కష్టం వచ్చిందని కాదంటానా?”

ఆఫీసరు ముఖం మారింది. రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ పెన్ను కదలడం చూశాను. ఇక పెళ్లీ గిళ్లీ ఏదీ తోచలేదు.

“కాదు సార్,” అన్నాను. “అతను మా పంగాళి కాదు. పొట్లకాయ తిన్నాడు.”

ఆఫీసరు పెన్ను ఆపి, ఈమెకు మతి బాగానే ఉందా అన్నట్టు అమ్మవైపు చూశాడు. నాయన మాత్రం నావైపే చూస్తున్నాడు. ఆయనకు అర్థమైంది. నేను లోపలికి పోయి చెంబు తెచ్చి, అక్షరాలు చూపించి, బొటనవేలి సంగతి చెప్పాను. వేపుడు మూడుసార్లు వేయించుకున్న సంగతి చెప్పాను. ఎవరు పెట్టారని అడిగితే, మా అవ్వ అని చెప్పాను. ఆమెకు పొట్లకాయంటే ప్రాణమని, డెబ్బై ఏళ్లు చెప్పుకోలేదని అదీ చెప్పాను. మొదలుపెట్టాక ఆగలేకపోయాను.

మూడేళ్లు తెలిసి ఎందుకు దాచావమ్మా అన్నాడు ఆఫీసరు.

“చెప్తే నన్ను అతనికిచ్చి పెళ్లి చేసేస్తారు సార్.”

వాకిట్లో నిలబడ్డ కానిస్టేబుల్ దగ్గు తెచ్చుకుని నవ్వు దాచుకున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన తన గుండుమీద చేయి వేసుకున్నాడు.

ఆయన్ని మూడు రోజులు మదురైకి పిలిపించి అడిగారు. పెట్టె తాళంచెవి అతని జేబులోనే దొరకడం, కొలంబో టికెట్టు అతను తీయించిందే కావడం మాకు కలిసొచ్చాయి. చివరికి నాయనను సాక్షిగా రాసుకుని వదిలేశారు. ఊళ్లో శాలువా కప్పిన పెద్దలందరికీ ఆ ఫంక్షన్ రోజు ఊళ్లోనే లేమని గుర్తొచ్చింది. నాయన మాత్రం అడిగినవాళ్లకల్లా, “నేనే కప్పినాను,” అని ఒప్పుకునేవాడు. ఇంట్లో మాటలు తగ్గించేశాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించేది.

ఏడాది తిరిగి అవ్వ తెవసం, అంటే తద్దినం, వచ్చింది. ఆ రోజు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెడతాం. అమ్మ వడ, పాయసం, మామిడికాయ పచ్చడి అని లెక్కపెట్టుకుంటోంది. నాయన పొద్దున్నే సంచి పట్టుకుని సంతకు పోయి వచ్చాడు. వంటింటి గట్టుమీద చేయంత పొడుగు పొట్లకాయ తీసి పెట్టాడు. అమ్మ నిజంగా పాము కనబడినట్టు వెనక్కి జరిగింది.

“ఈ ఇంట్లోనా?”

“మా అమ్మకు ఇష్టం,” అన్నాడు నాయన. “అరవై ఆరు ఏండ్లు ఆమె చేతి అన్నం తిన్నాను. నాకు తెలియలే. ఆ దొంగనాకొడుక్కి తెలిసినాది.”

వేపుడు నేనే చేశాను. ఆకులో పెట్టి గోడమీద ఉంచితే కాకి వచ్చి ముందు దాన్నే ముట్టింది. నాయన అక్కడే నిలబడి చూశాడు. కళ్లు తుడుచుకోలేదు.

“పాపా, నీకేమి కావాలో ఇప్పుడే చెప్పు. నా తెవసానికి చెప్పొద్దు.”

“నాకు పెళ్లి వద్దు నాయనా. షెడ్డు చాలు.”

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాయన తలమీద చేయి పెట్టుకున్నాడు, జుట్టు మళ్లీ వచ్చిందని మరిచిపోయినట్టు.

“సరి,” అన్నాడు. “ఆ కూర నాకూ కొంచెం పెట్టు.”

అంత చెప్పినదాన్ని పెట్టె బరువు సంగతి మాత్రం చెప్పలేదు. పోలీసులకు చెప్పలేదు, ఆయనకూ చెప్పలేదు. రెండు రోజులు నోరు మూసుకుని ఆయన్ను ఆదివారంవైపు నడవనిచ్చానని ఈ కాగితాల్లోనే మొదటిసారి ఒప్పుకుంటున్నాను.

ఈమధ్య నాయనకు కొత్త పట్టుదల వచ్చింది. ఇంకెవడూ తన చెంబు తనకంటే ముందు చదవకూడదట. రోజూ సాయంత్రం అవ్వ మంచంమీద కూర్చుని వేలు నా చేతికిస్తాడు. నేను ఆ వేలిని అక్షరాలమీద తిప్పుతాను. మా ఇంటిపేరు చదవడం వచ్చేసింది. నిన్న ఆంధ్రా నుంచి వచ్చిన బస్సుమీది తెలుగు బోర్డు చదివి చప్పట్లు కొట్టుకున్నాడు. ఈ పుట దాకా రావడానికి ఇంకో ఏడాది పట్టొచ్చు. నేర్పడం మాత్రం నేను ఆపలేదు.